బోర్లించిన బకెట్టు

ముందు డబడబమని చప్పుడు వచ్చింది, మెట్ల మలుపులో ఎవరో మబ్బును ఈడ్చుకొస్తున్నట్టు. ఆ తరవాత ఒక నీలం బకెట్టు, దాని వెనక ఆయాసం, ఆయాసం వెనక నవ్వు, అన్నిటికన్నా చివర ఆమె. మా వీధిలో అందరూ ఆమెను ప్రశ్నలక్క అంటారు.

బకెట్ల కంపెనీలో ఆమెది ఇల్లిల్లూ తిరిగి జనానికి ఏం కావాలో కనుక్కునే ఉద్యోగం. అంతకుముందు ఆరేళ్ళు అదే కంపెనీ ప్యాకింగు హాల్లో పనిచేసింది. అక్కడ యంత్రాల హోరులో పక్కమనిషి మాట కూడా వినపడదు. ఆరేళ్ళు మింగిన మాటలన్నీ ఇప్పుడు మెట్లెక్కి తలుపులు తడుతున్నాయి.

ఆమధ్య కొత్త రకం బకెట్టు తయారైంది. దాని అడుగున, బయటివైపు, కంపెనీ పువ్వు గుర్తు ఉబ్బెత్తుగా ఉంటుంది. ప్రశ్నలక్క దాన్ని నలభై ఇళ్ళలో చూపించింది. నలభై కాగితాల్లోనూ ‘చాలా బాగుంది’ గడిలోనే టిక్కు పడింది. దుకాణాల్లో మాత్రం ఒక్క బకెట్టూ కదలలేదు. శనివారంలోగా కారణం తేలకపోతే సర్వే విభాగం మూసేస్తామని, ఆమె మళ్ళీ ప్యాకింగు హాలుకే పోవాలని మేనేజరు చెప్పేశాడు. ఆ మాటకి ఆమె నోరు అప్పుడే సగం మూతపడిందట.

శుక్రవారం మా పై అంతస్తుకి వెళ్ళింది. అక్కడ ఒక పెద్దావిడ బట్టలుతుకుతోంది. కాళ్ళు లాగేస్తుంటే ప్రశ్నలక్క చేతిలోని బకెట్టు బోర్లించి దాని మీద కూలబడింది. ఉబ్బెత్తు పువ్వు మీద ఆమె బొంగరంలా గిర్రున తిరిగింది. ప్రశ్నలక్క కాగితాలతో సహా సబ్బునీళ్ళ తొట్టిలో తేలింది.

పెద్దావిడ ఒక చెయ్యి అందించి, రెండో చేత్తో గోడ పట్టుకుని నవ్వింది.

“అందుకేగా తల్లీ కొనంది. కూర్చోడానికి పనికిరాని బకెట్టు నాకెందుకు?”

“మరి బాగుందని టిక్కు పెట్టావేంటి పిన్నీ?”

“నీళ్ళు బాగానే పడతాయిగా. అయినా అన్ని మెట్లెక్కి వచ్చిన పిల్లని చిన్నబుచ్చుతామా?”

తడిబట్టలతోనే, జుట్టులో నురగ బుడగలతోనే, ప్రశ్నలక్క మళ్ళీ నలభై ఇళ్ళూ చుట్టింది. ఈసారి ఒకటే ప్రశ్న: నీళ్ళు పట్టనప్పుడు మీ బకెట్టు ఏం చేస్తుంటుంది? ఒకాయన దాని మీదెక్కి బల్బు మారుస్తాడు. ఒకావిడ దాని మీద కూర్చుని అక్కతో ఫోన్లో పోట్లాడుతుంది. ఒక పిల్ల అందులో తల దూర్చి పాడుకుంటుంది. లోకంలోని బకెట్లన్నీ సగం జీవితం తలకిందులుగానే బతుకుతున్నాయని ఆ రోజు తెలిసింది.

శనివారం మీటింగులో ఆమె కాగితాలేవీ తియ్యలేదు. బకెట్టు బోర్లించి, మేనేజరుని కాస్త కూర్చోమంది. ఆయన ఎడమకి ఒరిగి బల్ల పట్టుకున్నాడు, కుడికి ఒరిగి పక్కాయన చొక్కా పట్టుకున్నాడు. నవ్వులకి బల్ల మీద టీ కప్పులు కూడా నిలవలేదట. తరవాతి వారానికి పువ్వు గుర్తు అడుగు నుంచి బకెట్టు పక్కభాగానికి మారింది, అడుగు చదునైంది, సర్వే విభాగం నిలబడింది.

ఇదంతా ఆమె నా గుమ్మంలో, ఆ చదును బకెట్టు మీదే కూర్చుని, కాళ్ళూపుతూ చెప్పింది. వెళ్ళడానికి లేచి, నేను కూర్చున్న కుర్చీని ఒకసారి చూసింది.

“కుర్చీ బాగుందా అని అడగను లెండి. దానికి దిండు ఎందుకు కట్టారో అది చెప్పండి.”