జీడి షెడ్డులో అమ్మ పెళ్లి

అమ్మ పెళ్లి నర్సీపట్నం అవతల తోటలో చేద్దామన్న ఆలోచన నాదే. విశాఖలో హాలు తీసుకుంటే, ఈ వయసులో పెళ్లి చేసుకుంటున్న ఆవిడ ఎలా ఉందో చూడ్డానికే సగం మంది వస్తారని నా భయం. అమ్మ హైస్కూల్లో వ్యాయామ టీచరు. నాన్న నా చిన్నప్పుడే పోయారు. పెళ్లికొడుకు అదే స్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన భార్య కూడా పోయి చాలా ఏళ్లయింది. మాస్టారి స్నేహితుడికి కృష్ణదేవిపేట దారిలో జీడిమామిడి తోట ఉంది. అక్కడైతే మనకి కావలసినవాళ్లే వస్తారు.

“డెస్టినేషన్ వెడ్డింగ్ చేద్దాం” అన్నాను.

మామ్మ, అంటే నాన్నను కన్న తల్లి, తలెత్తి చూసింది. “ఏ టేషనే? నర్సీపట్నంలో రైలు టేషనే నేదు గదే!”

విషయం అర్థమయ్యాక అందరికంటే ముందు బట్టలు సర్దుకున్నది ఆవిడే. “నా కోడలి పెళ్లి నేను దగ్గరుండి సేస్తాను. ఎవుడేటంటాడో అననీ” అంది.

అమ్మ అన్నయ్య, మా మావయ్య, ఇష్టం లేకుండానే వచ్చాడు. ముందురోజు నుంచీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

పెళ్లినాడు పొద్దున్నే కొండల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఇంకా అమ్మకి జడ వేస్తూనే ఉన్నారు, గాలివాన మొదలైంది. మేము చూస్తుండగానే షామియానా గుంజలు లేచిపోయాయి. బంతిపూల ద్వారం బోర్లా పడింది. మేళగాళ్ల వ్యాను వాగు అవతల ఆగిపోయిందని ఫోనొచ్చింది. నేను ఏడుస్తూ తోటలోని ఇంట్లో అమ్మ ఉన్న గదిలోకి పరిగెత్తాను.

“అమ్మా, అంతా పాడైపోయింది!”

అమ్మ కిటికీలోంచి ఒకసారి తోటంతా చూసింది. పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపి, సగం జడతోనే అరుగు మీదకు వచ్చింది. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసింది. అటూ ఇటూ పరిగెడుతున్న వాళ్లందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

“మండపం నుంచి జీడి షెడ్డు దాకా లైను కట్టండి! చేతికి చెయ్యి అందాలి!”

స్పోర్ట్స్ డే నాటి గొంతు అది. అందరూ బారులు తీరారు. తడుస్తున్న పట్టుచీరల మధ్య నుంచి కలశం, కొబ్బరికాయ, తలంబ్రాల పళ్లెం, పంతులుగారి హోమం సామాను చేతులు మారుతూ షెడ్డుకి చేరాయి. పీటలు రెండూ మావయ్యే నెత్తిన పెట్టుకుని మోశాడు. అరటి బోదె ఎత్తుకుని వస్తున్న మాస్టారు బురదలో జారిపడ్డారు. పంచె మొత్తం ఎర్రమట్టి.

“మార్చుకుని రానా?” అన్నారు బిక్కమొహంతో.

“ముహూర్తం దాటిపోద్ది. మట్టే కదా, రండి మాస్టారూ!” అంటూ అమ్మ చెయ్యందించింది.

షెడ్డులో జీడిగింజల బస్తాలు పక్కకి జరిపి పీటలు వేశాం. కరెంటు పోయింది. రేకుల మీద వాన మోతకి మంత్రాలు వినబడక పంతులుగారు అరిచినట్టే చదివారు. అమ్మ చేతిని మాస్టారి చేతిలో పెట్టింది నేనే.

“గట్టిమేళం!” అన్నారు పంతులుగారు అలవాటుగా. మేళం ఎక్కడుంది? అందరం మొహాలు చూసుకున్నాం.

మామ్మ ఒక ఖాళీ డబ్బా లాక్కుని గరిటెతో ఠంగుమని కొట్టింది. “ఏటలా సూస్తన్నారు? వాయించండర్రా, బేగి!”

ఇక చూడాలి! డబ్బాలు, పళ్లేలు, షెడ్డు తలుపులు, చేతికి ఏది దొరికితే అది మోగించాం. మావయ్య నీళ్ల డ్రమ్ము మీద రెండు చేతులతో బాదుతూ కళ్లు తుడుచుకోవడం మర్చిపోయాడు. ఆ హోరులో మాస్టారు తాళి కట్టారు. అమ్మ తల వంచుకునే పకపకా నవ్వుతోంది.

వాన తగ్గాక షెడ్డులోనే ఆకులు వేశాం. బడికి టైమవుతోందని ఎప్పుడూ నిలబడే తినే అమ్మ, ఆ రోజు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పులిహోర అడిగి మరీ వేయించుకుంది. మాస్టారు తన ఆకులోని అప్పడం తీసి అమ్మ ఆకులో పెట్టారు. అమ్మ వద్దనలేదు.