మా తాత బావిలో పడలేదు

నాన్న చేతులు వాటంతటవే ఎగరడం, నడకలో తూలడం మొదలైనప్పుడు, తాగుడు మరిగాడని చిక్కడపల్లిలో మొదట చాటింది మా పెద్దనాన్నే. రోజూ పొద్దున్నే గుడికి వెళ్లొచ్చి, నుదుటి విభూది ఆరకముందే తమ్ముడి మీద చాడీలు చెప్పే మనిషి. నాన్న కల్లు కూడా ముట్టి ఎరుగడు.

2011లో నరాల డాక్టరుకు చూపించాం. పెద్దరికం వెలగబెట్టడానికి పెద్దనాన్న కూడా వచ్చాడు. డాక్టరు కాగితం మీద మా వంశాన్ని గీస్తూ, తాత ఎలా పోయాడని అడిగాడు.

"బాయిల పడి పోయిండు సార్. మా ఖాన్‌దాన్‌ల గిసొంటి రోగాలు లేవు," అన్నాడు పెద్దనాన్న.

తాత మంచంలో పోయాడు. గ్లాసు పట్టుకోలేక, నన్ను గుర్తుపట్టలేక, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూనే పోయాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అందరూ బయటికి వచ్చాక నేనొక్కదాన్నే మళ్లీ లోపలికెళ్లి డాక్టరుకు ఆ సంగతి చెప్పాను. నాన్న రక్తపరీక్షలో అదే తేలింది. మెదడును మెల్లగా తినేసే జబ్బు, తాత నుంచి వచ్చింది. ఈ జబ్బు ఉన్నవాళ్ల పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చేందుకు, రాకపోయేందుకు చెరిసగం అవకాశం.

పెద్దనాన్న ఎందుకు అబద్ధమాడాడో ఆ నెలలోనే తెలిసింది. తన కొడుక్కి సంబంధం కుదిరింది. అప్పటికే పెద్దనాన్న భుజం కూడా ఉండుండి ఎగురుతోంది. చలి అనేవాడు, ఏప్రిల్‌లో.

పెళ్లికూతురు అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. వెళ్లి అంతా చెప్పాను. నారాయణగూడ కాలేజీలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని కదా, అనువంశికత గురించి బోర్డు లేకుండానే పాఠం చెప్పేశాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"మరి మీరు చేయించుకున్నరా అక్కా, ఆ పరీక్ష?"

లేదన్నాను. ఆమె చాయ్ తాగమన్నది. నేను తాగకుండా వచ్చేశాను.

ఆమె మా పెద్దనాన్న కొడుకును పరీక్ష చేయించుకొమ్మని అడిగిందట. పిల్లకు పొగరెక్కువని పెద్దనాన్న ఆ సంబంధం వదిలేసి, ఆరు నెలల్లో వరంగల్ నుంచి ఇంకొకటి తెచ్చాడు. ఆ అమ్మాయి ఇంటర్ దాకా చదివింది, ఏమీ అడిగే రకం కాదు. వాళ్ల ఇల్లు ఎక్కడో నాకు తెలుసు. బస్సెక్కితే మూడు గంటలు. వెళ్లలేదు. వెళితే ఆ ఒక్క ప్రశ్న మళ్లీ ఎవరైనా అడుగుతారని.

పెళ్లి బర్కత్‌పురలో జరిగింది. పెద్దనాన్న జేబులో చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తోనే అందరినీ దీవించాడు. చూస్తే అసహ్యమేసింది. నేనూ అక్షింతలు వేసి, బంతిలో కూర్చుని, బొబ్బట్టు మారు వడ్డించుకుని తిన్నాను.