పాలు పొంగించిన చెయ్యి

ఒక అబద్ధం నా వంటింట్లో నాతోపాటు కాపురం ఉంటోంది. పొయ్యి వెలిగించినప్పుడల్లా పక్కన వచ్చి నిలబడుతుంది. మా ఆయనకు తెలియదు. పిల్లలకు తెలియదు. ఆ అబద్ధం ఎవరి మీద పడిందో ఆమెకైనా తెలుసో తెలియదో, ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోతున్నాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. చదివాక మీరు నన్నేమనుకుంటారోనని అనుమానం ఉంది. అనుమానం నాకు కొత్త కాదు లెండి.

మాది బందరు. మా ఆయనకు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు మెరుగు పెట్టే చిన్న షాపు ఉంది. ఇల్లు అత్తగారి నాటి డాబా. అందులో వంటిల్లు మాత్రం ఎలుకబోను. పొగపట్టిన గోడలు, నడుము వంచితే తప్ప పని జరగని కడపరాయి గట్టు, ఒక మూల నేలలో పాతిన రుబ్బురోలు, దాని చుట్టూ ఎప్పుడూ తడి. అత్తగారు పోయిన మరుసటేడు నేను పట్టుబట్టాను. ఈ వంటిల్లు పగలగొట్టించేదాకా వండను, హోటల్ నుంచి తెచ్చుకోండి అన్నాను. ఆయన కొన్నాళ్ళు హోటల్ సాంబారు తిని ఒప్పుకున్నారు.

పని మొదలయ్యాక తెలిసింది, ఇంట్లో వంటిల్లు లేకపోవడం అంటే ఏమిటో. వసారాలో ఒంటి పొయ్యి మీద వంట. పప్పు కలుపుకుంటే పళ్ళ కింద ఇసుక కరకరలాడేది. తలుపులు మూసినా మంచాల మీద సిమెంటు దుమ్ము. దానికి తోడు నా అనుమానాలు. మేస్త్రీ సిమెంటు తక్కువ కలుపుతున్నాడని అనుమానం. అతను టైల్స్ వేసి వెళ్ళగానే రూపాయి బిళ్ళతో ఒక్కొక్కటీ కొట్టి వినేదాన్ని, కింద డొల్లగా వదిలేశాడేమోనని. నీళ్ళకు ఆగే ప్లైవుడ్ అని చెప్పి వడ్రంగి మామూలుది బిగిస్తాడని ఒక ముక్క అడిగి తీసుకుని బకెట్లో నానబెట్టాను. అది ఉబ్బలేదు. అయినా నమ్మలేదు. నాకు ఇచ్చిన ముక్క వేరు, బిగించే చెక్క వేరు అనుకున్నాను. నేను పోలీసు ఉద్యోగంలో చేరాల్సిందని మా ఆయన ఏడిపించేవారు.

సంతోషం లేదని మాత్రం అనను. ఉన్న అబద్ధం చాలు. గుడివాడ నుంచి నల్ల గ్రానైట్ బండ వచ్చి, గట్టు మీద కూర్చుంది. నా ఎత్తుకు సరిపడా కట్టించుకున్న గట్టు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి నిటారుగా నిలబడి వంకాయలు తరిగాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంకాయలు తరుగుతూ ఏడ్చినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇక మా వదిన గురించి చెప్పాలి. మా ఆయనకు ఒక్కతే అక్క. అవనిగడ్డ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకుంటూ ఉంటుంది. ఆమె చెయ్యి మంచిదని ఆ ఊళ్ళో పేరు. నాట్లు మొదలుపెట్టే రోజు మొదటి గుప్పెడు నారు ఆమె చేత నాటించేవారు. ఆవకాయ కలపాలంటే నాలుగిళ్ళవాళ్ళు పిలుచుకుపోయేవారు. కొత్తగా కొన్న గేదె దగ్గర మొదటిసారి పాలు తీయాలన్నా ఆమే. పిలిస్తే కాదనేది కాదు. కొంగు నడుముకి దోపుకుని వెళ్ళిపోయేది. ఆ పేరంటే ఆమెకు ఎంత ఇష్టమో మొహంలో కనిపించేది.

మా పని సగంలో ఉండగా ఒకసారి చూడటానికి వచ్చింది. పగలగొట్టిన గోడలన్నీ తిరిగి చూసింది. పెరట్లో పడేసి ఉన్న రుబ్బురోలు దగ్గరికి వెళ్ళి, మీకు అక్కర్లేకపోతే నేను పట్టుకెళ్తాను, అమ్మ రుబ్బిన రోలు కదా అంది. అంతే అంది. నేను ఆ మాటని ఎంత దూరం లాక్కెళ్ళానో చూడండి. ఇవాళ రోలు అంటుంది, రేపు అమ్మ వంటిల్లు అంటుంది, ఎల్లుండి ఇంట్లో వాటా అంటుంది అనుకున్నాను. కొత్త గట్టు మీద చెయ్యి వేసి బాగుందమ్మా అంటే, ఆ బాగుంది వెనక ఏముందోనని వెతికాను. దిష్టి పెడుతోందేమోనని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా. ఆమె వెళ్ళాక మా ఆయనతో రోలు ఇవ్వొద్దని చెప్పాను. అది ఇప్పటికీ పెరట్లో ఉంది. దాంట్లో వాననీళ్ళు నిలిస్తే కాకులు తాగుతాయి.

కొత్త పొయ్యి మీద పాలు పొంగించే రోజు వచ్చింది. మా వైపు అది ఆడపడుచు హక్కు. ఆమెను పిలవక తప్పదు, పిలిచాను. తెల్లవారు బస్సుకు బయల్దేరి, వాళ్ళ గేదె పాలు స్టీలు క్యానులో పోసుకుని తెచ్చింది. ప్యాకెట్ పాలు పొంగిస్తే ఏం బాగుంటుందమ్మా అంది.

గిన్నె నాది. అత్తగారి ఇత్తడి గిన్నె. అటక మీద నల్లబడి ఉంటే దింపి, చింతపండు, ఉప్పు పట్టించి పొద్దున్నే తోమాను. బంగారంలా మెరిసింది. నల్ల గ్రానైట్ మీద ఆ పచ్చటి మెరుపు ఫోటోలో ఎలా పడుతుందో ముందే ఊహించుకున్నాను. ఇక నీళ్ళు పోసి కడగాలి. అప్పటికి కొత్త సింకుకు బిగించిన పైపుల అతుకులు ఇంకా ఆరలేదని ప్లంబరు కుళాయి లైను కట్టేసి వెళ్ళాడు. బోరు నీళ్ళున్నాయి. మా బోరు నీళ్ళు ఉప్పు. తోమిన ఇత్తడి మీద అవి పడితే తెల్లటి మచ్చలు తేలతాయి. తాగే నీళ్ళ టిన్ను మూలనే ఉంది. అది వంచి రెండు చెంబులు పోసుకుంటే సరిపోయేది. ఇంటి నిండా చుట్టాలు దిగుతున్నారు, నేనింకా చీర మార్చుకోలేదు. పొడిగుడ్డతో లోపలా బయటా గట్టిగా తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, గట్టు మీద పెట్టేశాను. ప్లైవుడ్ ముక్కను రోజంతా నానబెట్టి పరీక్ష చేసినదాన్ని, పాలు పోసే గిన్నె మీద చెంబెడు నీళ్ళు పోయలేదు.

వదిన దణ్ణం పెట్టుకుని పాలు పోసింది. పొయ్యి వెలిగించింది. అందరం చుట్టూ నిలబడ్డాం. పాలు కాగాయి. అంచు దగ్గర కదలిక వచ్చింది. పొంగుతాయనుకున్నాం. ముందు చిన్న చిన్న పలుకులు కనిపించాయి. తర్వాత మధ్యలో చీలినట్టయి, పచ్చటి నీళ్ళు ఒకవైపు, ముద్దలు ఒకవైపు. వదిన పొయ్యి ఆపి, నా వైపు వంగి, నాకు మాత్రమే వినిపించేలా అడిగింది.

"గిన్నె కడిగావా అమ్మా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అప్పటిదాకా నిజంగా తట్టలేదు. ఇది మాత్రం నమ్మండి. గుర్తొచ్చేలోపే నా నోరు జవాబు చెప్పేసింది.

"రెండుసార్లు కడిగాను వదినా. మంచినీళ్ళతో."

ఆమె గిన్నె వంక చూడలేదు. తన కుడిచేతి వంక చూసుకుంది.

"అయితే నా దగ్గరే ఏదో అయ్యుంటుందిలే."

రెండుసార్లని ఎందుకన్నాను? ఎవరు లెక్క అడిగారు? కడిగాను అంటే సరిపోయేది కదా. మంచినీళ్ళతో అని కూడా ఎందుకు కలిపాను? ఇన్నేళ్ళుగా నన్ను పొడిచేది అబద్ధం ఒక్కటే కాదు, దానికి నేను అంత తీరిగ్గా పెట్టిన మెరుగు.

మా చిన్నత్తగారు వెనక నుంచి, ఇలాంటి వాటికి చెయ్యి కలిసిరావాలి, ఈసారి ఇంటి కోడలు పెడుతుంది అన్నారు. మా ఆయన వీధి చివరికెళ్ళి ప్యాకెట్ పాలు తెచ్చారు. నేను స్టీలు గిన్నెలో పోసి పెట్టాను. తెల్లగా, నిండుగా పొంగి గట్టు మీదికి పొర్లాయి. ఇక ఎవరికీ ఏ సందేహమూ మిగలలేదు. ఆమె పెడితే విరిగాయి, నేను పెడితే పొంగాయి. అందరికంటే ముందు వదినే నవ్వింది. బాగా పొంగాయమ్మా అంది. ఆ పాలతో పరవాన్నం వండాం. ఆమె తినలేదు. బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

విరిగిన పాలు సింకులో వంపుతుంటే గిన్నె అడుగున ముద్దలతోపాటు చింతపండు పీచు కనిపించింది. గోరంత కూడా లేదు. వేలితో తీసి చూశాను. పైపులు ఆరాయని అప్పటికి కుళాయి విప్పారు. నీళ్ళు తిప్పి పీచును పంపించేశాను. నా కొత్త సింకులోకి వెళ్ళిన మొదటి చెత్త అది.

ఆ నెలలోనే మా ఆయన కొత్త టైల్స్ మీద తడికి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. పాలిష్ టైల్స్ మీద తడి ఉంటే ఎవరైనా జారతారు. అయినా చిన్నత్తగారికి పాలు గుర్తొచ్చాయి, ఆమె ద్వారా చుట్టాలందరికీ గుర్తొచ్చాయి. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. నిజం చెప్పాలంటే అది నాకు కలిసొచ్చింది. తమ్ముణ్ణి చూడటానికి వచ్చిన వదిన వంటింటి గడప దగ్గరే నిలబడి మంచినీళ్ళు అడిగింది. లోపలికి రా వదినా అంటే, వద్దులేమ్మా, ఇక్కడ గాలి బాగుంది అంది. వాటా మాట ఎప్పుడూ ఎత్తలేదు. అసలు ఆ మాట ఆమె మనసులో ఎప్పుడైనా ఉందా? నాకు తెలియదు. ఉందని అనుకుంటే నాకు నిద్ర పట్టేది, అందుకని ఉందనే అనుకున్నాను.

తర్వాత కొన్నేళ్ళకు, నాట్ల రోజుల్లో వాళ్ళ ఊరు వెళ్ళాం. వదిన పొలం దగ్గరికి క్యారియర్ పట్టుకెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. మడిలో దిగి మొదటి గుప్పెడు నాటింది వేరే ఆవిడ. వదిన గట్టు మీద నిలబడి చూస్తోంది. ఏం వదినా, నువ్వు దిగలేదేం అని అడిగాను. చెయ్యి పెట్టడం మానేశానమ్మా అంది. చిన్నగా, మామూలుగా, ఫలానా కూర తినడం మానేశాను అన్నట్టు. ఇంటికొచ్చాక చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు, ఆవకాయలప్పుడు కూడా పక్కన కూర్చుని ఎంత కారం, ఎంత ఉప్పు అని చెబుతుందట గానీ చెయ్యి పెట్టదట. మనవరాలి అన్నప్రాసన రోజు కూడా ఉగ్గుగిన్నె ముట్టుకోలేదట. ఎవరూ ఆమెను వద్దనలేదు. తనంతట తనే మానుకుంది. ఆ పొలం గట్టు మీదే నిజం చెప్పేయాల్సింది, చెప్పలేదు. క్యారియర్ గిన్నెలు విప్పి అన్నాలు వడ్డించాను.

ఒక్కోసారి నాకు ఆమె మీదే అనుమానం వస్తుంది. ఇత్తడి తోమడం తెలియని మనిషి కాదు. చింతపండు వాసన పసిగట్టి ఉండదా? లేకపోతే పాలు విరగగానే గిన్నె సంగతే ఎందుకు అడుగుతుంది? తెలిసే ఊరుకుందా? తమ్ముడి భార్య పదిమందిలో చిన్నబోతుందని తన మీద వేసుకుందా? అదే నిజమైతే నాకు కొంచెం తేలిక. కానీ నిజం తెలిస్తే చెయ్యి పెట్టడం ఎందుకు మానుకుంటుంది? నేను కడిగానని అన్నాను. ఆమె నమ్మింది. అంత మామూలుగా నమ్మేవాళ్ళుంటారని నమ్మలేక, ఆమె వెనక ఇంకేదో ఉందని వెతుకుతున్నానేమో. ప్లైవుడ్ ముక్కను చూసినట్టే.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, బందరు ఉప్పుగాలికి వంటింటి అలమర తలుపుల కీళ్ళన్నీ తుప్పు పట్టిపోయాయి. ఒక తలుపు ఊడి చేతికొచ్చింది. మళ్ళీ మొత్తం మార్పిద్దామని మా ఆయనే అన్నారు. నమూనాలు చూస్తూ, మాటల మధ్యలో, ఈసారి పాలకు అక్కని పిలవొద్దులే, పాపం బాధపడుతుంది అన్నారు. జాలిగానే అన్నారు. తోడబుట్టినవాడు కూడా నమ్మేశాడని అప్పుడు తెలిసింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేను అలమర రంగు గురించి మాట్లాడాను.

మధ్యాహ్నం అటక మీది ఇత్తడి గిన్నె దింపాను. బోరు నీళ్ళతోనే కడిగాను. తెల్లటి మచ్చలు తేలాయి. తుడవలేదు.

ఇది ఆమెకు చెప్పినట్టు కాదని నాకు తెలుసు. ఆమె ఇలాంటివి చదవదు, చదివినా ఎవరో అనుకుంటుంది. ఆమె చెయ్యి ఆమెకు తిరిగి వచ్చేదీ లేదు. మీరు క్షమిస్తే నాకు ఒరిగేదీ లేదు, మిమ్మల్ని అడగడమూ లేదు. ఒక్కసారి ఆ మాట నా చేత్తో రాసి చూసుకోవాలనిపించింది. అంత బరువు ఇన్నాళ్ళు ఇంత చిన్న జవాబులో ఉందా అనిపిస్తోంది.

గిన్నె కడిగావా అమ్మా అని అడిగావు కదా.

లేదు వదినా. కడగలేదు.