సమ్మెకు దిగిన విమానం

మానవజాతి చక్రాన్ని కనిపెట్టింది, ఆవిరి యంత్రాన్ని కనిపెట్టింది. ఎక్కబోయే బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడాలన్న ఆలోచన మాత్రం దానికి చాలా ఆలస్యంగా తట్టింది. జగిత్యాల బస్టాండు పరిసరాల్లో ఆ ఆలోచనకు ఏకైక ప్రతినిధి ఏసయ్య. ఆటో అయినా, ట్రాక్టరైనా, పెళ్లివారి జీపైనా సరే, ముందు దాని చుట్టూ తిరుగుతాడు. టైర్లను కాలితో తడతాడు. తలుపు కదిపి చూస్తాడు. నేల మీద నూనె మరక ఉందేమోనని వంగి వెతుకుతాడు. ఈ ఆచారం వల్ల జగిత్యాల, కోరుట్ల పట్టణాల మధ్య రాకపోకలు ఏ మేరకు దెబ్బతిన్నాయన్న విషయంపై చరిత్రకారులు ఇంకా దృష్టి పెట్టవలసి ఉంది.

"ఏందే అన్నా, గుడి సుట్టు తిరిగినట్టు తిరుగుతున్నవ్?" అని ఆటోవాళ్లు అడిగేవారు.

"ఎనుక టైర్ల గాలి తక్కువుంది తమ్మీ."

"టైర్ల గాలి తక్కువైతే నీకు ఊపిరాడ్తలేదా? ఎక్కుతవా, ఎక్కవా?"

ఎక్కేవాడు కాదు. తర్వాతి ఆటో చుట్టూ తిరిగేవాడు.

ఈ అలవాటు ఆయనకు విమానాల దగ్గర అబ్బింది. ఇప్పుడు ఉండేది జగిత్యాలలోనే అయినా, ఏసయ్యది సిరిసిల్ల దగ్గరి కోనరావుపేట. తండ్రి దొరికిన కూలికల్లా పోయినవాడు. తల్లి కొమురమ్మ నాట్లకు, కలుపులకు పోయి కొడుకును ఐటీఐ చదివించింది. ఫిట్టరు పని నేర్చిన ఏసయ్య సిరిసిల్లలో కొన్నాళ్లు మరమగ్గాలు బాగుచేసి, ఆ తర్వాత హైదరాబాదు శివార్లలో విమానం నడపడం నేర్పే ఒక చిన్న స్కూల్లో టెక్నీషియనుగా చేరాడు. అక్కడ ఉన్నవాటిలో పెద్దది రెండింజన్ల చిన్న విమానం. ఆరుగురు పడతారు. దాని ఆలనాపాలనా ఏసయ్యదే.

ఊళ్లో ఈ సంగతి ఎవరూ నమ్మలేదు. "విమానాలు బాగుజేసేటోడు ఊరికి బస్సుల ఎందుకస్తడు?" అన్నది బావ దావీదు వాదన. ఏసయ్య ఒకసారి విమానం పక్కన దిగిన ఫోటో తెచ్చి చూపించాడు. "చార్మినార్ ముంగట నేను గూడ దిగిన. అది నాదైతదా?" అన్నాడు దావీదు. ఏసయ్య ఫోటో తీసి జేబులో పెట్టుకున్నాడు. కొమురమ్మ ఒక్కతే నమ్మింది. ఆమె కూడా చూసి నమ్మలేదు, కన్నది కాబట్టి నమ్మింది.

ఆ విమానం గురించి చెప్పాలంటే ముందు దాని వంశమర్యాద చెప్పాలి. ఆ రకం విమానం ప్రపంచంలో ఎక్కడైనా ఒకటి గాలిలో మొరాయించి, కారణం ఫలానా గొట్టమో ఫలానా బోల్టో అని తేలితే, దాన్ని తయారుచేసిన దేశపు విమానయాన శాఖ ఒక ఆదేశం జారీ చేస్తుంది. మన దేశపు శాఖ అవునంటుంది. ఇక ఆ రకం విమానాలన్నీ, తమ గొట్టాలు నిక్షేపంగా ఉన్నా సరే, విప్పి చూపించుకోవలసిందే. కొన్ని ఆదేశాలు గడువిస్తాయి. కొన్ని ఇవ్వవు, చూడకుండా మళ్లీ నేల విడవద్దంటాయి. అది సలహా కాదు, మనవీ కాదు. ఎక్కడో ఎవరో ప్రాణం పెట్టి నేర్చుకున్న పాఠం, పేరూ ఊరూ తెలియనివాళ్ల దాకా అలా నడిచి వస్తుంది.

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గు గనులు ఆగాయి. ఆగినదల్లా తెలంగాణ పక్షం. కదిలినదాని మీదల్లా అనుమానం. అటువంటి రోజుల్లో కోరుట్ల ఉద్యమ కమిటీ నాయకుడు మల్లన్నకు ఒక చిక్కు వచ్చిపడింది. దారులన్నీ తమవాళ్లే మూసేయడంతో తమ కరపత్రాలను తామే పంచలేకపోతున్నారు. తీవ్రంగా ఆలోచించి ఆకాశం ఇంకా తెరిచే ఉందని గుర్తించాడు. అనుమతి ఎలా తెచ్చాడో ఆయనకే తెలియాలి. ఏసయ్య స్కూలు విమానం మాత్రం దిగింది. కోరుట్ల దగ్గరి ముత్యంపేట అవతల, చెరుకు తోటలకు మందు చల్లడానికి ఎప్పుడో చదును చేసిన మట్టి రన్‌వే మీద దిగింది. నడిపింది కెప్టెన్ ఫిర్దోస్. వెంట వచ్చింది ఏసయ్య. ఇంజినీరు దేవదాసు తన సీటును కరపత్రాల కట్టలకు సమర్పించి హైదరాబాదులోనే ఉండిపోయాడు.

పొద్దున కోరుట్ల మీద, జగిత్యాల మీద చల్లి వచ్చారు. మధ్యాహ్నం సిరిసిల్ల వంతు. దారిలో కోనరావుపేట తగులుతుంది. "మీ ఊరి మీద కొంచెం కిందికి దించి ఒక చుట్టు తిప్పుతాను" అంది ఫిర్దోస్. ఏసయ్య తల్లికి ఫోన్ చేశాడు. కొమురమ్మ వాడంతటికీ చెప్పింది. చర్చి ముందు జాగాలో జనం చేరి మొగులుకేసి చూడసాగారు. దావీదు కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు.

కట్టలు ఎక్కించడం పూర్తవుతుండగా దేవదాసు ఫోన్ చేశాడు.

"ఏసయ్యా, విమానం నేల మీదనే ఉందా?"

"ఉంది సార్. ఎగరబోతున్నది."

"ఎగరనియ్యకు. ఆర్డరు వచ్చింది. రెండు ఇంజన్లకూ పెట్రోలు పోయే గొట్టాల్లో పగుళ్లున్నాయేమో చూడాలి. చూడకుండా లేవొద్దు."

"నేను సూడన్నా సార్?"

"చూడటానికి ఎవరైనా చూడొచ్చయ్యా. చూశామని సంతకం పెట్టడానికి లైసెన్సు కావాలి. నేను వస్తా."

"ఎట్లస్తరు సార్? తొవ్వలన్నీ బందున్నయి."

"ఎట్లనో అట్ల వస్తా."

ఫోన్ సంగతి ఏసయ్యకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. అది కాసేపాగి మోగి ఉంటే విమానం ఈపాటికి కోనరావుపేట మీద ఉండేది.  ఆయన పనిముట్ల సంచిలోంచి ఎర్రగుడ్డలు తీసి, ఎగరకూడదన్న గుర్తుగా రెండు పంకాలకూ కట్టాడు.

ఫిర్దోస్ కిటికీలోంచి తల బయటపెట్టింది. విషయం విని, "పొద్దున ఇదే గొట్టంతో ఎగిరాం కదా ఏసయ్యా?" అంది.

"పొద్దున మనకు తెల్వదు మేడం. ఇప్పుడు తెలిసింది."

ఆమె దిగి రెక్క నీడలో కూర్చుంది. మల్లన్న మాత్రం పరుగున వచ్చాడు.

"గీ గుడ్డలేంది ఏసన్నా? సిరిసిల్లల మనోళ్లు మొగులు దిక్కు సూస్తున్నరు!"

"ఎగరదన్నా."

"ఎందుకెగరది? ఎవడాపిండు?"

"నేనే ఆపిన."

"నువ్వాపినవా? అసలు నువ్వు మనోడివేనా?"

చుట్టూ ఉన్న జనం దగ్గరికి జరిగారు. ఇంతలో వెనకనుంచి ఎవరో అరిచారు: "విమానం గూడ సమ్మెల దిగిందిరో!"

ఆ రోజుల్లో ఎర్రగుడ్డ కట్టుకుని కదలకుండా నిలబడ్డదానికి ఇంకో అర్థం లేదు. చప్పట్లు మోగాయి. బతుకమ్మ కోసం తంగేడు పూలు తెంపుకుని పోతున్న ఆడవాళ్లు ఆగి, విమానం ముక్కు మీద గుప్పెడు పూలు పెట్టారు. మల్లన్న పరిస్థితిని ఒక్క చూపుతో గ్రహించి విమానం మెట్టెక్కాడు.

"నేను జెప్పలే? భూమ్మీదనే గాదు, మొగులు మీద గూడ సమ్మెనే!"

"సమ్మె గాదన్నా, గొట్టం..." అన్నాడు ఏసయ్య. జై తెలంగాణ నినాదంలో గొట్టం ఎవరికీ వినబడలేదు. ఆయన మెడలో కూడా ఒక దండ పడింది.

దండతోనే ఉండగా కొమురమ్మ ఫోన్ చేసింది.

"కొడుకా, మెడలు గుంజుతున్నయిరా. ఇంకెంతసేపు?"

సమ్మె అన్న ఒక్క మాట చాలు. చర్చి ముందున్న జనమంతా చప్పట్లు కొడతారు, దావీదు జన్మలో మళ్లీ నోరెత్తడు. వెనక మైదానమంతా ఆ మాటే అరుస్తోంది కూడా.

"రాదవ్వా. ఒక గొట్టం సూడాలె."

"ఏం గొట్టమురా, బోరు గొట్టమా?"

"విమానానిది."

"పలిగిందా?"

"తెల్వదు."

"తెల్వకనే ఆపినవా?"

"తెల్వకనే ఆపిన."

అవతల దావీదు గొంతు వినబడింది. "పంచరైందట! లెవ్వుండ్రి, ఇండ్లకు పోండ్రి. నేను ముందే చెప్పిన, వీడు విమానం మొఖం గూడ సూడలేదని." జనం నవ్వులు చాలాసేపు వినబడ్డాయి. కొమురమ్మ నవ్వలేదు.

"అండ్ల ఎవలన్న కూసుంటరా కొడుకా?"

"ఒక మేడం ఉంటదవ్వా. నడిపేటామె."

"ఎవలి బిడ్డనో పాపం. సరే తియ్," అని ఫోన్ పెట్టేసింది.

దేవదాసు స్కూటరు మీద, ఊరూరా అడ్డంగా పెట్టిన బండ్ల దగ్గర దిగి జై తెలంగాణ అంటూ, చివరికి ఎలాగో మర్నాటి పొద్దునకు చేరుకున్నాడు. ఆలోగా మల్లన్నకిచ్చిన అనుమతి గడువు దాటింది. కరపత్రాలను సైకిళ్ల మీద పంచేశారు. అయినా విమానాన్ని విప్పుతున్నారని తెలిసి జనం మళ్లీ గుమిగూడారు. దేవదాసు ఇంజన్ల మూతలు తీసి, టార్చిలైటు వేసి, పిడికిట్లో పట్టే అద్దం లోపలికి పెట్టి, గొట్టాల అడుగూ పక్కలూ చూశాడు. ఏసయ్య పక్కనే నిలబడి ఆయన మొహం చూశాడు. సంతకం అయ్యాక విమానం నేరుగా హైదరాబాదుకు పోయింది. కోనరావుపేట మీదుగా పోలేదు.

రెండు ఇంజన్ల గొట్టాలూ బాగున్నాయి. ఎక్కడా పగులు లేదు.