ఫోనుకు పెట్టిన పసుపు బొట్టు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నని లాభం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా వీధిలో రెండు కుక్కలు అరిస్తే నరసరావుపేటలో ఆ రోజు మనుషులెవరూ బయటికి రాలేదంటాను. శేరు పాలకు మూడు శేర్ల నీళ్ళు నా లెక్క అని మా ఆవిడ అంటుంది. అందుకని కింద రాసిందంతా నాలుగుతో భాగించుకుని చదవండి. అయితే సాగదీయడం వేరు, పుట్టించడం వేరు. ఉన్నదాన్ని ఎంత దూరమైనా సాగదీస్తాను గాని లేనిదాన్ని పుట్టించను. ఈసారి మాత్రం ఒక్కచోట పుట్టించాను. అదేదో ఆఖర్న ఒప్పుకుంటాను.

ఊరి చివర కట్టుకున్న కొత్త ఇంటికి మారదామని పాత ఇంట్లో సామాను సర్దుతుంటే నాకు మొదటిసారి గుండె ఆగింది. అటక మీద నుంచి పదకొండు గోతాల కాగితాలు దిగాయి. పురుగుమందుల బిల్లులు, కరెంటు బిల్లులు, ఎవరెవరివో పెళ్ళికార్డులు (అందులో సగం జంటలు ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ), చచ్చిపోయిన టీవీకి బతికున్న గ్యారంటీ కార్డు. ఒక గోతంలో ఉన్న బల్లి మా కుటుంబ చరిత్ర మొత్తం చదివేసినట్టు నావైపు జాలిగా చూసింది.

అదే వారం ఫోనులో ఒక వీడియో చూశాను. తెల్ల గదిలో, తెల్ల సోఫా మీద, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి కూర్చుని తన జీవితంలో కాగితమే లేదని చెబుతున్నాడు. అన్నీ నోట్సు రాసుకునే యాప్‌లోనే ఉంటాయట. ఏది కావాలన్నా పేరు కొడితే చాలు, వచ్చి నిలబడుతుందట. ఆయన ఇంట్లో కాగితం లేదు సరే, చూడబోతే భార్య కూడా ఉన్నట్టు లేదు. అయినా నాకు పూనకం వచ్చింది. ఆ యాప్ ఎక్కించుకుని నాలుగు రోజులు తిండి మానేసి ప్రతి కాగితానికీ ఫోటో తీశాను. పొలం పాసుపుస్తకాల లాంటివి మాత్రం మా ఆవిడ కొంగులో దాచి, పెట్టెలో పెట్టి, పెట్టె మీద కూర్చుంది. మిగతావన్నీ పాత పేపర్లు కొనేవాడికి ఎత్తేశాను.

వారం తిరక్కుండానే బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తింటుంటే పొట్లం నాకు తెలిసిన మొహంలా కనిపించింది. నా పదో తరగతి మార్కుల జిరాక్సు. బజ్జీల బండాయన నాకన్నా ముందే చదివినట్టున్నాడు. “లెక్కల్లో ముప్ఫై ఐదా సార్? ఇంకో రెండేయమంటారా?” అన్నాడు. బజ్జీలకే అన్నాడో మార్కులకే అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అక్కడితో ఆగి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు. గృహప్రవేశం ముహూర్తం పెట్టించాక మా ఆవిడ పొడుగాటి నోటు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది, పిలుపులకి. మా వైపు కార్డు పంపితే పిలిచినట్టు కాదు. ఫోను చేస్తే అసలు కాదు. గడప దాకా పోయి, ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి, ‘భోజనానికి రండి’ అని నోటితో అనాలి. అందుకే పిలుపుల పుస్తకం. దానికి నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి ముందు పెట్టి, మొదటి వరసలో ఇల్లాలి పుట్టింటివాళ్ళ పేరు రాసి మొదలుపెడతారు. ఎందుకంటే కొత్తింట్లోకి ఆమె కుడికాలు పెట్టేటప్పుడు ఒంటి మీద ఉండాల్సింది అన్నగారు తెచ్చిన చీర.

“పుస్తకం ఎందుకే? అంతా ఫోనులో పెడదాం. నీ ఫోనులో, నా ఫోనులో ఒకే జాబితా కనపడుద్ది. పిలిచిన పేరు పక్కన గళ్ళో వేలు పెడితే టిక్కు పడుద్ది, ఆ పేరు కిందికి పోయి పూర్తయినవాటిలో కూర్చుంటుంది” అన్నాను.

“మరి పసుపు యాడ రాయాలి?”

“నీ ఇష్టం. ఫోనుకే రాయి.”

రాసేసింది! నేను ఎకసెక్కానికి అన్నాను. ఆమె వేళాకోళానికి కూడా శాస్త్రం చూసే మనిషి. నా ఫోను తీసుకుపోయి పూజ గదిలో పీట మీద పెట్టి, తడి పసుపుతో బొట్టు పెట్టి, హారతిచ్చి, కళ్ళకద్దుకుని తెచ్చింది. ఆ పసుపు వాసన మూడు రోజులు పోలేదు. ఎవరితో మాట్లాడినా పెళ్ళికూతురితో మాట్లాడినట్టుండేది.

ఇక్కడ మా బావ సంగతి చెప్పాలి. మా ఆవిడకు ఒక్కడే అన్న. నాదెండ్ల దగ్గర పల్లెటూరు, మిరప వ్యవసాయం, కాస్త రాజకీయం. ఆరేళ్ళ కిందట సర్పంచిగా నిలబడి పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ మర్నాడు ఒక పెళ్ళి బంతిలో కూర్చుని, నవ్వేవాళ్ళు నలుగురు దొరికారు కదా అని, నేను ఒక మాట వదిలాను. ‘మా బావకి ఇంట్లో ఓట్లే పళ్ళేదు. మా అక్క గూడా అవతలి గుర్తు మీదే గుద్దింది’ అన్నాను. అక్క అంటే ఆయన భార్య. ఆకులెత్తేలోపు ఆ మాట ఊరు చేరింది. పాలుపోయించుకునేవాళ్ళు కూడా ఆవిణ్ణి ‘నిజమేనా అత్తా?’ అని అడిగారట. అంతే. ఆరేళ్ళుగా బావ మా గడప తొక్కలేదు. మా ఇంట్లో ఆయన పేరు ఎత్తితే మా ఆవిడ కంచం తోసేసి లేస్తుంది, అందుకని ఎవరం ఎత్తం.

పూజకు తీసుకుపోయే ముందే ఫోనులో మొదటి వరసలో ఆ పేరు ఆమే కొట్టింది. కొట్టి, నావైపు చూడకుండా ఒక మాట అంది.

“నోరు జారింది నువ్వు. పిలవాల్సింది గూడా నువ్వే. మా అన్న చీర లేకుండా ఆ గడప నేను తొక్కను. ఇల్లు నువ్వూ నీ ఫోనూ ఏలుకోండి.”

పిలుపులు మొదలయ్యాయి. పేర్లు టకటకా కిందికి దిగిపోతుంటే నాకు మత్తెక్కింది. చుట్టాలయ్యారు, వీధి అయింది, పక్కవీధి అయింది. కేబుల్ ఆయన్ని పిలిచాను. దారిలో లిఫ్టు అడిగినవాణ్ణి పిలిచాను. పొరపాటున రాంగు నంబరు వస్తే వాణ్ణీ పిలిచాను. మొదటి వరసలో ఉన్న పేరు మాత్రం రెండో రోజుకే కనిపించలేదు. చూస్తే టిక్కు పడి కింద పూర్తయినవాటిలో కూర్చుని ఉంది. అన్నాచెల్లెళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని తేల్చుకున్నారు కాబోలు, నా గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో వింతలు మొదలయ్యాయి. నేను ఇంటికి రాగానే మంచినీళ్ళ గ్లాసు ఎదురొచ్చింది. మధ్యాహ్నం గోంగూర మాంసం. మర్నాడు మళ్ళీ గోంగూర మాంసం. మారు వడ్డిస్తూ, “తిను, తిరిగి తిరిగి చిక్కిపోయావు” అంది. పాతికేళ్ళ కాపురంలో నేను చిక్కానని ఆమె అనడం అదే మొదలు, తూనిక యంత్రం కూడా ఆ మాట ఏనాడూ అనలేదు. ఇదంతా యాప్ మహిమ అనుకున్నాను.

గృహప్రవేశం ముందురోజు మధ్యాహ్నం మా ఆవిడ పాత ఇంటి గుమ్మంలో నిలబడి రోడ్డుకేసి చూస్తోంది. పుట్టింటివాళ్ళు ముందురోజే రావడం రివాజు.

“మా అన్నోళ్ళు ఎన్నింటికి బయల్దేరతామన్నారు?”

“నన్నడుగుతావేందే?”

“నువ్వేగా పోయి పిలిచొచ్చింది!”

“నేనా? నువ్వు మాట్లాడుకోలేదూ?”

ఆమె చేతిలోని పూలబుట్ట కింద పడింది. చామంతులు వీధి చివరిదాకా దొర్లాయి. నేను వాటి వెంట రెండడుగులు పరిగెత్తి వెనక్కొచ్చాను.

“పదిరోజుల నుంచి ఒక్క మాట అడగలేదేమే?” అన్నాను.

“అడిగితే రెండు గంటలు కోతలు కోస్తావని. టిక్కు ఉంది గదా అని నమ్మా. నిన్ను నమ్మలా, ఫోన్ని నమ్మా!”

గబగబా ఫోను తీశాను. ఆ టిక్కు ఎప్పుడు పడిందో యాప్ రాసి పెట్టుకుంది. ఆమె పూజ చేసిన రోజే. “చూడవే! నీ బొట్టే! పసుపు వేలు నేరుగా మొదటి గళ్ళో పడింది. మీ అన్నని పిలిచేసినట్టు ఫోను రాసేసుకుంది!” అన్నాను.

ఆమె ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఫోను నా చేతిలో పెట్టి, “అట్టనా” అంది. ఆ ‘అట్టనా’ తుపానుకన్నా భయంగా ఉంది. “ఇప్పుడు పో. చీర వస్తే నేను రేపు కొత్తింట్లోకి వస్తా. రాకపోతే అరుగు మీద కూర్చుంటా, వచ్చినోళ్ళంతా అడుగుతారు, నువ్వు చెప్పుకో.”

పక్కింటి మెకానిక్ చాచా బండి మీద నాదెండ్ల దారి పట్టాను. జరిగింది విని చాచా నవ్వలేదు. “ముందురోజు పిలుపు అంటే తిట్టినట్టే గదా భాయ్. నేను బండి స్టార్టింగ్‌లోనే ఉంచుతా, వాళ్ళు తరిమితే ఎక్కేసెయ్” అన్నాడు.

బావ కళ్ళంలో ఉన్నాడు. ఎర్రటి మిరపకాయలు ఎకరం మేర ఆరబోసి ఉన్నాయి, వాటి మధ్య మంచం మీద ఆయన. నేను నోరు తెరవగానే ఘాటుకి పద్నాలుగు తుమ్ములు వచ్చాయి. ఆయన పద్నాలుగూ అయ్యేదాకా ఆగాడు.

“కేబులోణ్ణి గూడా పిలిచావంటగా బావా. వాడు నిన్న ఈడికొచ్చి చెప్పాడు. నేను వాడికన్నా హీనమా?”

బొట్టు కథ మొత్తం చెప్పాను. ఫోను చూపించాను. పసుపు మరక చూపించాను. బావ మరకకేసి చూడలేదు, నాకేసి చూశాడు.

“పిలవటం ఫోను మర్చిపోయింది. సరే. ఆరేళ్ళ కింద ఆ మాటన్నది ఏ ఫోను?”

ఫోను మెల్లగా జేబులో పెట్టుకున్నాను. నేను సాక్ష్యం వెనక్కి తీసుకోవడం పల్నాడులో అదే మొదటిసారి.

“బావా, నీకు ఇంత దానికి అంత కలపటం అలవాటు. ఏం కలపకుండా ఒక్క ముక్క చెప్పు. వింటా.”

చుట్టూ కోతుల్లా మాటలు ఎగురుతున్నాయి, ఒక్కటీ చేతికి అందలేదు. చివరికి, “తప్పు నాదే బావా. అక్కది గాదు, ఫోనుదీ గాదు. రేపు రండి” అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఇంత చిన్న వాక్యం నా నోట్లోంచి రావడం నేనెప్పుడూ వినలేదు.

మా వెనక గుడిసె గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో. “ఊరంతా ఆరేళ్ళుగా అడుగుతుంది, ఇయ్యాల నీకు చెబుతున్నా ఇనుకో తమ్ముడూ. నా ఓటు మీ బావకే ఏశా” అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, “ఇంకా ఏంది కూర్చున్నావు? ఇంట్లో ఆ సంచి తీసుకురా పోదాం పద” అంది.

సంచి! అప్పటికే సర్దిపెట్టిన సంచి! ముహూర్తం పెట్టారని తెలిసిన రోజే చీర కొన్నారట. జాకెట్టు కూడా కుట్టించారట. కొలతలెక్కడివి అన్నాను నోరెళ్ళబెట్టి. బావ పర్సులోంచి మడతలు నలిగి గుడ్డలా అయిపోయిన చీటీ ఒకటి తీశాడు. మా ఆవిడ పెళ్ళికి ముందు టైలరు కోసం రాసిచ్చిన కొలతలు, ఆమె చేతిరాత. నా దగ్గర పదకొండు గోతాల కాగితాల ఫోటోలు ఉన్నాయి. నా పెళ్ళాం చేతిరాత ఒక్కటి లేదు.

మర్నాడు ఉదయం ముహూర్తానికి మా ఆవిడ అన్నగారి చీర కట్టుకుని గడప దాటింది. పాతికేళ్ళ కిందటి కొలతలు కదా, జాకెట్టుకు అటు మూడు ఇటు మూడు పిన్నీసులు పెట్టినా ఊపిరి ఆడటం లేదు. “వేరేది ఏసుకోరాదూ” అని ఎవరో అంటే, “చస్తే ఇప్పను” అంది. పాలు పొంగాయి. బావ నా పక్క బంతిలో కూర్చున్నాడు. నేను ఆకు మీంచి తల ఎత్తలేదు, ఎక్కడ ఏ మాట జారుతుందోనని.

చుట్టాలు వెళ్ళాక ఆమె ఒక తడిగుడ్డ తెచ్చి నా ఫోను మీది పసుపు మరక తుడుస్తూ కూర్చుంది. అప్పుడంది.

“నేను బొట్టు పెట్టింది దీని వీపుకి. వీపు మీద పెడితే ముందు టిక్కు పడే ఫోన్లు గూడా వచ్చినయ్యా?”

“నీకెప్పుడు తెలిసింది?”

“నిన్న ఫోను తిప్పి చూసినప్పుడే.”

“మరి అప్పుడే అనొచ్చుగా!”

“అంటే ఈడ కూర్చుని వాదించేవోడివి. అనలేదు గాబట్టి పోయావు.”

నేను పుట్టించిన ముక్క అదే. పసుపు వేలు ఏ గళ్ళోనూ పడలేదు. ఆ రోజు జాబితా తెరిచినప్పుడల్లా బావ పేరే ముందు కనిపిస్తుంటే భయం వేసి, కాసేపు కళ్ళముందు లేకుండా ఉంటే చాలని టిక్కు పెట్టింది నేనే. ఆ అబద్ధం ముందు ఆమెకు చెప్పాను, తర్వాత బావకు, ఇప్పుడు మీకు. మిగతావి భాగించుకోండి, తుమ్ములు మూడే. గోంగూర మాంసం మాత్రం నిజం. ఆమె ఎందుకు వండుతోందో తెలిసే, ప్రతి ముద్దా తిన్నాను.