చింతపండుతో తోమిన గాలి సిలిండర్లు

ఇరవై ఏళ్ల వయసులో మనకు చేతకానిదంటూ ఉండదు. ఇప్పుడు ఫ్యాన్ ఆగితే మనిషిని పిలిచే నేను, ఆ రోజుల్లో హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో మా ఇంటి వరండాలో ఏకంగా ఒక మిషన్ తయారు చేశాను. (రాయడం నాకిదే మొదటిసారి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.)

మా అన్నది నీళ్లలో మునిగి చేసే పని. చెరువుల్లో పడ్డ మోటార్లు పైకి తీయడం, పెద్ద నీళ్ల ట్యాంకుల లోపల పగుళ్లు వెతకడం లాంటివి. అప్పటిదాకా పిలిస్తే పని, లేకపోతే లేదు. ఒక కాంట్రాక్టరు పర్మనెంటుగా పెట్టుకుంటానన్నాడు గానీ, వీపుకు కట్టుకునే గాలి సిలిండర్లు సొంతంగా తెచ్చుకోమన్నాడు. సోమవారం టెస్టింగ్ సారు వాటి లోపల బల్బు పెట్టి చూస్తాడు, తుప్పు కనిపిస్తే పని లేదు. అన్న తుక్కు దుకాణంలో రెండు ఇనుప సిలిండర్లు పట్టుకొచ్చాడు. పైన బాగానే ఉన్నాయి, కదిలిస్తే మాత్రం లోపల ఎర్రటి పొడి రాలుతోంది. మూతిలో రెండు వేళ్లే పడతాయి. ఇక బ్రష్ ఎలా పోతుంది?

"దీన్ల గులకరాళ్లు పోసి గంటలకొద్ది దొర్లియ్యాలెనంట చెల్లె. ఫారిన్ల దానికో మిషన్ ఉంటదంట," అని ఫోన్లో వీడియో చూపించాడు, మొహం వేలాడేసుకుని.

"గింతేనా? నేను జేస్త," అన్నాను.

నేను బట్టలు కుట్టేదాన్ని. కాలితో తొక్కే నా కుట్టు మిషన్ తల విప్పి పక్కన పెట్టాను. పాత మంచం పైపులు రెండు, నాలుగు బేరింగులు బిగించి సిలిండరు పడుకుని దొర్లేలా చేశాను. కింది చక్రం నుంచి వచ్చే తాడు జారకుండా సిలిండరుకు సైకిల్ ట్యూబు చుట్టాను. రాళ్లూ నీళ్లూ పోసి, మూతిలో గుడ్డ కుక్కి తొక్కితే, తిరిగింది! గడగడా గడగడా అని వాడంతా వినపడేలా తిరిగింది. అన్న "ఇంజనీరమ్మా!" అన్నాడు. ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు.

అరగంటకు అవే కాళ్లకు పిక్కలు పట్టేశాయి. ఇంకా ఐదు గంటలు తొక్కాలి. (మోటారు పెట్టాలన్న సంగతి ఇంజనీరమ్మకు తోచలేదు.)

చప్పుడుకు ముందుగా పక్కింటి పెద్దావిడ వచ్చింది, ఉర్దూలో పిన్ని అన్నట్టు అందరం ఖాలా అంటాం. "క్యా పీస్‌రీ బేటీ? మసాలా రుబ్బుతున్నవా?" సంగతి చెప్పగానే, "లే, నేను తొక్కుత. నువ్వు పోయి బువ్వ తిను," అని నన్ను లేపి కూర్చుంది. ఆ తర్వాత ఎదురింటి పిన్ని, ఆ తర్వాత మా అమ్మ. ఆ శనివారం ఒకరు తొక్కుతుంటే ఇద్దరు కబుర్లు. ఆ గడగడల్లో మెల్లగా చెబితే వినపడదు కాబట్టి అరిచి చెప్పుకున్నారు, దాంతో ఎవరి కోడలు ఎవరినేమన్నదో వాడంతటికీ తెలిసిపోయింది. అన్నా నేనూ నిశ్చింతగా లోపల కునుకు తీశాం.

నాలుగింటికి గుడ్డ మూత టప్పున ఎగిరిపోయింది. వెనకాలే తెల్లటి నురగ! వరండా దాటి, మెట్లు దిగి, వాకిట్లోకి నడిచింది.

"గిన్నెలు తోమే పొడి ఎవలేసిన్రు?" అన్న అరిచాడు.

"జర్రంతనే ఏసిన బిడ్డా," అంది అమ్మ.

"నేను ఉప్పేసి నిమ్మకాయ పిండిన, అంతే," అంది పిన్ని.

ఖాలా మాత్రం నిలబడి ఒప్పుకుంది. "ఇమ్లీ, గదే చింతపండు, నేనేసిన. మా వంట దేగ్చీలు గట్లనే మెరుస్తయ్. ఉత్త రాళ్లతోని తుప్పు పోతదా ఏడనన్న?"

"ఇది దేగ్చీ గాదు ఖాలా! దీన్ల గాలి నింపుకొని నేను పీల్చాలె!"

"తో క్యా? అయితేంది? మంచిగ వాసనొస్తది."

ఆ సిలిండరును వేడినీళ్లతో ఎన్నిసార్లు కడిగామో లెక్కలేదు. ఆదివారం రెండోదాని దగ్గరకు అన్న ఎవరినీ రానివ్వలేదు. రాళ్లు, నీళ్లు, తన కాళ్లు, అంతే. ఖాలా గుమ్మంలో కనపడితే చాలు, సిలిండరు మూతికి చెయ్యి అడ్డం పెట్టేవాడు.

సోమవారం నేనూ వెంట వెళ్లాను. సారు అన్న తొక్కిన సిలిండరులో బల్బు దించి చూశాడు. "మచ్చలున్నయి. నడవది." అన్న దాన్ని పక్కకు జరిపి, శనివారం అందరూ తొక్కినదాన్ని ముందుకు తోశాడు. సారు దాంట్లోకి చాలాసేపు చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదైతే అద్దమున్నట్టుంది. గని చారు వాసనొస్తుందేందయ్యా? దేంతోని కడిగినవ్?"

అన్న నేల చూపులు చూశాడు. "చింతపండు సార్."

"ఇంక?"

"ఉప్పు... నిమ్మకాయ... గిన్నెల పొడి."

సారు పెన్ను పక్కన పెట్టి అటు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. "రెండోది గూడ గట్లనే చెయ్. వాసన పోయేదాంక రెండూ కడుగు. శుక్రారం తీస్కరా."

ఆ సాయంత్రం అన్న ఖాలా గుమ్మం ముందు నిలబడ్డాడు. "ఖాలా, జర ఇమ్లీ ఉందా?"

"దేగ్చీ గాదంటివి కదరా!" అని ఇంత ముద్ద చేతిలో పెట్టింది. "సరిపోతదా? సారుకు గూడ పంపాల్నా?"

శుక్రవారం రెండూ పాసయ్యాయి. వాసన పోయిందనే సారు రాసిచ్చాడు. పోలేదని మా అన్న కడుపుకు తెలుసు. మొదటి రోజు పని చేసి వచ్చి, "నీళ్ల కింద మస్తు ఆకలైంది చెల్లె," అన్నాడు.

మొన్న అన్న పని చేసేచోటికి వెళ్తే, ఆ ఫారిన్ మిషన్ లాంటిదే ఉంది. బటన్ నొక్కితే దానంతటదే తిరుగుతోంది. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు.

"దీని దగ్గెర ఎవ్వలు కూసోరా అన్నా?"

"ఎందుకు కూసోవాలె?" అన్నాడు.

నేను నవ్వేశాను. మిషన్ చేశానని ఆ ఇరవై ఏళ్ల పిల్ల ఎంత మురిసిపోయిందో! తీరా చూస్తే అందులో ఆ పిల్ల చేసింది పైపులూ బేరింగులే, మిగతా మిషనంతా ఖాలా, పిన్ని, అమ్మ.