మరియమ్మక్క పని మాటలు

2022 చివర. మిరప కోతలు ఇంకా మొదలుకాలేదు. బ్రాడీపేటలో నాది చిన్న షాపు. ఫోన్లలోకి పాటలు ఎక్కిస్తాను, పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి మారుస్తాను, రికార్డింగులు బాగుచేస్తాను. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఈ పని ఎవరిక్కావాలి అని మావాళ్ళంతా అన్నారు. అననివ్వండి. ఇప్పటికీ రోజూ షట్టర్ ఎత్తుతూనే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం నల్లపాడు అవతలి పల్లె నుంచి మరియమ్మక్క వచ్చింది, వెంట తమ్ముడు డేవిడ్ గారు. అక్క కూలీల మేస్త్రి. కోతలకి ఆడవాళ్ళని కూడగట్టి, ట్రాలీ ఎక్కించి, చేలో సాళ్ళు పంచి, పొద్దుగూకేదాకా పని నడిపించే మనిషి. తమ్ముడు చర్చిలో సంఘ పెద్ద. అక్కకి గొంతులో గడ్డ. ఎల్లుండే ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు, ఇక మాట రాదు.

డేవిడ్ గారు తన ఫోన్ నా చేతికిచ్చారు. "చర్చి హాల్లో అక్కచేత సాక్ష్యం చెప్పించి, రెండు కీర్తనలు పాడించానండి. ఇవి అక్క ఫోన్లో పట్టేలా చెయ్యండి. గుర్తుగా ఉంటాయి."

అక్కది బటన్ల ఫోన్. మెమరీ కార్డు పెట్టే చోటు పాడైపోయింది, లోపల ఖాళీ కాస్తే ఉంది. అలాంటి ఫోన్లకి ఏఎంఆర్ అనే రకం ఫైలు పనికొస్తుంది. అది మనిషి మాట కోసమే చేసింది. మాటకి అక్కర్లేని సన్నటి శబ్దాల్ని కోసేస్తుంది కాబట్టి ఫైలు బాగా చిన్నదవుతుంది. పాట మాత్రం దానికి గిట్టదు. మార్చి వినిపిస్తే హార్మోనియం రేకు డబ్బాలా మోగింది. హాల్లోని ప్రతిధ్వని కలిసి సాక్ష్యం కూడా ముద్దముద్దగా వచ్చింది.

"టచ్ ఫోన్ కొనుక్కో అక్కా, ఈ తంటా ఉండదు," అన్నాను.

"కోతకి దిగేముందు చేతులకి ఆముదం రాసుకుంటామమ్మాయ్, లేకపోతే మంట. ఆ జిడ్డుకి అద్దం ఫోన్ పలకదు," అంది బొంగురుగా. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "అయినా గుర్తెందుకురా? నేనేమన్నా చచ్చిపోతన్నానా? ఆపరేషన్ చేయించుకుని కోతలకి పోతా. నాకు కావాల్సింది పని మాటలు."

"ఈ ఏడాదికి ఇంట్లో ఉండక్కా. మేస్త్రి పని ఇంకెవరైనా చూసుకుంటారు."

"ఆ ఇంకెవరో కాచుక్కూర్చున్నారు. ఒక్క ఏడు వదిలితే మళ్ళీ నా చేతికి రాదు."

ఆ మాటకి నాకూ పౌరుషం పొడుచుకొచ్చింది. పక్కనే పరుపుల షాపు. ఓనర్ని అడిగి దూది బస్తాల మధ్య అక్కని కూర్చోబెట్టాను. దూది ప్రతిధ్వనిని మింగేస్తుంది. నా ఫోన్‌ని అక్క నోటికి జానెడు దూరంలో పట్టుకున్నాను. ఎదురుగా చేనే ఉన్నట్టు అక్క మొదలుపెట్టింది.

"లెగండి, ట్రాలీ వచ్చింది."

"తాలుకాయ వేరే గోతంలో పొయ్యండి."

"కొమ్మ విరక్కండే, కాయ కొయ్యండి."

దగ్గొస్తే ఆగి, రెండు గుక్కలు నీళ్ళు తాగి మళ్ళీ అందుకునేది. పరుపుల ఓనరు బేరం వదిలేసి వింటూ నిలబడిపోయాడు.

ఏఎంఆర్‌లో బిట్ రేట్ అని ఒకటుంటుంది. సెకనుకి ఎంత శబ్దం దాచాలో చెప్పే లెక్క అది. తక్కువ పెడితే బొంగురు గొంతు మరీ గరగరలాడుతుంది, అందుకే ఉన్నంతలో ఎక్కువ పెట్టాను. ఒక్కో మాటకి ఒక్కో ఫైలు, పేరుకి బదులు అంకె. ఏ అంకెకి ఏ మాటో అక్క అక్కడే కంఠతా పట్టేసింది.

మార్చిలో కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు ఉండబట్టలేక వాళ్ళ చేనికి వెళ్ళాను. అక్క మెడ చుట్టూ పల్చటి నూలుగుడ్డ ఉంది, చేతిలో సౌండు పూర్తిగా పెంచిన ఫోన్. రైతు గట్టుమీద నిలబడి, అక్క పక్కనే ఉండగా డేవిడ్ గారితో అంటున్నాడు: "మూగమనిషితో ఎట్టా వేగేదయ్యా? పై కోతకి ఇంకో మేస్త్రిని చూసుకుంటా."

అక్క అతనివైపు చూడనైనా చూడలేదు. బటన్ నొక్కింది. "ఆపండి. అందరూ గట్టెక్కండి."

అన్ని సాళ్ళూ ఒక్కసారి ఆగాయి. ఆడవాళ్ళు గోతాలు అక్కడే వదిలేసి గట్టెక్కి కూర్చున్నారు.

రైతు తెల్లబోయాడు. ఈసారి డేవిడ్ గారిని వదిలేసి అక్క ముందుకొచ్చాడు. "మరియమ్మా, కాయ చెట్టుమీదే ఎండిపోతది. దింపు తల్లీ. పై కోతా నీదే."

అక్క ఆ మాట ఇంకోసారి చెప్పమన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టింది. ఆడవాళ్ళందరూ వినేలా అతను మళ్ళీ చెప్పాడు. అప్పుడు నొక్కింది ఇంకో బటన్. "దిగండి."

గొంతుల్ని భద్రంగా దాచిపెట్టడమే నా వృత్తి అని అంతవరకూ అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరు రికార్డింగ్ తెచ్చినా, ఇది ఎవరికి, దేనికోసం వినిపించాలి అని ముందు అడుగుతాను. గుర్తుకోసమంటే చేసిపెడతాను. పనికోసమంటే, చేతిలో ఉన్నదంతా పక్కన పెట్టి అదే ముందు చేస్తాను.